పాతబడిన ప్లగిన్: నిదానం, చికిత్స

మందు ముందా, నిదానం ముందా అని అడిగితే ఆయుర్వేదం చదివిన ఏ వైద్యుడైనా నిదానమే ముందంటాడు. కారణం తేల్చుకోకుండా మందు వేస్తే ఒక్కోసారి జబ్బు తగ్గవచ్చు గాని, ఎందుకు తగ్గిందో తెలియదు. అది మళ్లీ వచ్చిన రోజున మనం మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడతాం. కంప్యూటర్ల విషయంలో మనలో చాలామంది చేస్తున్నది ఈ రెండో రకం వైద్యమే. పని చెయ్యకపోతే ఆపి మళ్లీ పెట్టటం, అదీ కాకపోతే తీసేసి మళ్లీ ఎక్కించటం, ఇంకా కాకపోతే పక్క గదిలో కుర్రాణ్ణి పిలవటం.

ఈ వ్యాసంలో నేను ఒక్క రోగాన్నే తీసుకుని, దాని నిదానమూ చికిత్సా నాకు తెలిసినంత మేరకు వివరించదలిచాను. రోగలక్షణం ఇది: బ్రౌజరులో ఒక ప్లగిన్ పాతబడిపోయింది. తనంతట తాను అప్‌డేట్ కావలసింది, కాలేదు. దానితో జరగవలసిన పని నిలిచిపోయింది. ఇది కంప్యూటరు శాఖవారికి మాత్రమే సంబంధించిన చిన్న చిక్కు అనిపించవచ్చు. కాని 1990ల చివరినుంచి సుమారు ఒక దశాబ్దం పాటు అంతర్జాలంలో వెలువడిన తెలుగు రాతల్లో చాలా భాగం ఇలాంటి ఒక చిన్న పరికరం మీద ఆధారపడి వుండేది. పరికరం ఆగితే ఆ రాతలు చదవటానికి వీల్లేకుండా పోతాయి. కనుక తెలుగు శాఖవారికీ, చరిత్ర శాఖవారికీ, ఇంట్లో పాత ఫైళ్లు దాచుకున్న ప్రతివారికీ ఈ విషయంతో పని వుంది.

1. ప్లగిన్ అంటే ఏమిటి?

బ్రౌజరుకు స్వతహాగా తెలిసిన విద్యలు కొన్నే. అక్షరాలు, బొమ్మలు, లంకెలు చూపించటం దాని సొంత పని. తనకు రాని పనిని బయటనుంచి వచ్చిన మరో ప్రోగ్రాముకు అప్పగించే ఏర్పాటును నెట్‌స్కేప్ సంస్థ 1990ల నడుమ తెచ్చింది. అలా వచ్చి చేరే ప్రోగ్రామే ప్లగిన్. కదిలే బొమ్మలకు ఫ్లాష్, టెండర్ల వెబ్‌సైట్లలో డిజిటల్ సంతకానికి జావా, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి.

దీనికి తమ్ముడి వరస అయింది ఎక్స్‌టెన్షన్. ఇది వేరే ప్రోగ్రాము కాదు. బ్రౌజరు లోపలే వుండి, దాని ప్రవర్తనను కొంత మార్చే చిన్న పరికరం. వాడుకలో రెంటినీ ప్లగిన్ అనే అంటున్నాం, నేనూ అలాగే అంటాను. నిదానం చేసేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ప్లగిన్‌ను అప్‌డేట్ చేసేది సాధారణంగా దాన్ని తయారుచేసిన సంస్థ. ఎక్స్‌టెన్షన్‌ను అప్‌డేట్ చేసేది బ్రౌజరు. తాళం ఎవరి చేతిలో వుందో తెలియకుండా తలుపు తట్టి లాభం లేదు.

2. అప్‌డేట్ ఎలా జరుగుతుంది?

మా ఆత్రేయపురం దాపునే లొల్ల లాకులున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తర్వాత డెల్టాకు నీరిచ్చిన కాలువలు పడవలకు దారి కూడా అయినాయి. లాకు పనిచేసే తీరు తెలిసినవారికి అప్‌డేట్ సంగతి చెప్పటం తేలిక. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. లోపలి నీటిమట్టం అవతలి మట్టానికి సమానమయ్యే దాకా ఆగుతారు. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. మట్టాలు కలవకపోతే తలుపు తెరవరు. అది మొండితనం కాదు, జాగ్రత్త.

అప్‌డేట్‌కు కూడా ఇలాంటి మూడు అంగలున్నాయి.

మొదటిది అడగటం. బ్రౌజరు సుమారు రోజుకొకసారి, ఎక్స్‌టెన్షన్ పుట్టిన చోటికి వెళ్లి ‘ఇంతకంటే కొత్తది వుందా?’ అని విచారిస్తుంది.

రెండవది జవాబు. అవతలి సర్వరు బతికి వుండాలి. తానెవరో రుజువు చేసుకోవాలి. ఈ రుజువును సర్టిఫికెట్ అంటారు, దానికి గడువు తేదీ వుంటుంది.

మూడవది ఒప్పుకోవటం. వచ్చిన ఫైలు మీద సరైన సంతకం వుందా, అది ఈ బ్రౌజరుకు సరిపడుతుందా, డిస్కులో రాయటానికి అనుమతి వుందా అని చూసుకుని అప్పుడు లోపలికి తీసుకుంటుంది.

అప్‌డేట్ జరగలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకచోట తలుపు తెరుచుకోలేదన్న మాట. ఏ తలుపో కనిపెట్టటమే నిదానం.

మూడవ అంగలోని ‘సరిపడటం’ గురించి మరికొంచెం చెప్పాలి. పాత ఫైర్‌ఫాక్స్ రోజుల్లో ప్రతి ఎక్స్‌టెన్షన్ వెంట ఒక చిన్న ఫైలు వుండేది. తాను ఏ వెర్షన్ మొదలు ఏ వెర్షన్ దాకా పనిచేస్తుందో అందులో రాసుకునేది. బ్రౌజరు వెర్షన్ ఆ పై హద్దు దాటిందా, ఎక్స్‌టెన్షన్ నిజానికి పనిచెయ్యగలిగినా సరే, దాన్ని ఆపేసేవారు. 2011 జూన్‌లో ఐదో వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ సుమారు ఆరు వారాలకొక కొత్త వెర్షన్ విడుదల చేసే పద్ధతి మొదలుపెట్టింది. తీరిక వేళల్లో ఉచితంగా ఎక్స్‌టెన్షన్లు రాసేవారు ప్రతి ఆరు వారాలకూ కూర్చుని ఆ అంకె మార్చగలరా? చాలామంది మార్చలేకపోయారు. 2012 జనవరి చివర పదో వెర్షన్ వచ్చాక ఈ హద్దును పెద్దగా పట్టించుకోవటం మానేశారు. అందాకా ఎన్నో మంచి పరికరాలు ఒక్క అంకె కారణంగా మూలపడ్డాయి.

3. మన తెలుగు ఉదాహరణ: పద్మ

తెలుగువారికి ఈ చిక్కు ఎంత దగ్గరిదో చెప్పటానికి పద్మను మించిన ఉదాహరణ లేదు.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే 128 గదులు కేటాయించారు. కాని వాడకంలోకి రావటానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చినా, తెలుగు సరిగా కనబడాలంటే చాలా కంప్యూటర్లలో సీడీ పెట్టి ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోవలసి వచ్చేది. ఈలోగా తెలుగు దినపత్రికలు అంతర్జాలంలోకి రానే వచ్చాయి. అవి పట్టిన మార్గం ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ వున్న 256 స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టటం. ఒక స్థానంలో తలకట్టు, ఒక స్థానంలో కొమ్ము, మరో స్థానంలో ఒత్తు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒక్కొక్క వరస. పత్రిక తన ఫాంటును పేజీతోపాటే పంపేది. ఆ పద్ధతి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకే సరిగా అర్థమయ్యేది. లినక్స్ వాడేవారికీ, ఫైర్‌ఫాక్స్ వాడేవారికీ పేజీ అంతా పిచ్చి గీతలుగా కనబడేది.

వెన్న నాగార్జున గారు రాసిన పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఈ అడ్డు తొలగించింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలు కావటానికి కూడా కారకులు ఆయనే. పద్మ చేసే పని, పేజీలో వున్న ఫాంటు పేరు చూసి, ఆ ఫాంటు పట్టిక ప్రకారం ముక్కల్ని కలిపి, యూనికోడ్ తెలుగుగా మార్చి చూపటం.

ఇది అనుకున్నంత తేలిక పని కాదు. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. రాసేటప్పుడు సకారానికి గుడిదీర్ఘం ఇచ్చి, తర్వాత తకార, రకారాల ఒత్తులు పెడతాం. ఫాంటు పద్ధతిలో ముక్కలు సుమారు ఈ వరసలోనే వుంటాయి. యూనికోడ్‌లో అలా కాదు, పలికే వరస. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, అన్నిటికీ చివర దీర్ఘం. కనుక మార్చే పరికరం ముక్కల్ని గుర్తుపట్టటమే కాక వాటి స్థానాలు కూడా తారుమారు చెయ్యాలి. పైగా ప్రతి ఫాంటుకూ వేరే పట్టిక కావాలి. పత్రిక తన ఫాంటులో ఒక్క ముక్క అటూ ఇటూ జరిపినా పట్టిక మార్చి కొత్త వెర్షన్ ఇవ్వాలి. ఇలాంటి పరికరానికి అప్‌డేట్ అలంకారం కాదు, ప్రాణం.

తర్వాత రెండు సంగతులు జరిగాయి. ఒకటి మంచిదే: పత్రికలు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కు మారాయి. కొత్త పేజీలకు పద్మతో పని తప్పిపోయింది. రెండవది, 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ వచ్చింది. పాత ఎక్స్‌టెన్షన్లు బ్రౌజరు లోపలి గదులన్నిటిలోకీ స్వేచ్ఛగా వెళ్లగలిగేవి. దానివల్ల భద్రతకూ వేగానికీ ఇబ్బంది అని, ఆ దారులు మూసేసి, కొత్త పద్ధతిలో తిరగరాసిన వాటినే అనుమతించారు. 2018 చివరికల్లా పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను మొజిల్లా తన దుకాణంలోంచి కూడా తొలగించింది. పాత పద్ధతిలో రాసిన పద్మకు ఆనాటితో కొత్త ఫైర్‌ఫాక్స్ ద్వారం మూసుకుపోయింది.

మరి అంతకుముందు దాచుకున్న పేజీల గతేమిటి?

4. ఆత్రేయపురంలో ఒక కంప్యూటరు

మా పెదనాన్నగారు ఉపాధ్యాయులుగా చేసి రిటైరయ్యారు. 2003లో గోదావరి పుష్కరాల నాటినుంచి ఒక దినపత్రిక వెబ్‌సైటులో తమకు నచ్చిన వ్యాసాలన్నీ కంప్యూటరులో దాచుకునే అలవాటు వారికుంది. పుష్కరాల ప్రత్యేక కథనాలు, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఆలయం మీద వ్యాసాలు, మా వూరి పూతరేకుల మీద వచ్చిన ఫీచర్లు, మొత్తం నూటికి పైగా ఫైళ్లు. 2018 వేసవిలో కొత్త కంప్యూటరు కొన్నారు. పాతదానిలోని ఫైళ్లూ, ఫైర్‌ఫాక్స్ అమరికలూ కొత్తదానిలోకి వచ్చాయి. వ్యాసం తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల నెత్తిన చుక్కలూ గీతలూ.

సెలవులకు వెళ్లిన నన్ను పిలిచి, “ఒరేయ్ అబ్బాయ్, ఇదివరకు అదంతట అదే అప్‌డేట్ అయ్యేదిరా. నెల్లాళ్ల నుంచి చూస్తున్నాను, అవట్లేదు. నెట్టు సరిగా రావట్లేదంటావా?” అన్నారు.

“నెట్టు బాగానే వుంది పెదనాన్నగారూ. ఇక్కడ చూడండి, దీన్ని ‘లెగసీ’ అనే జాబితాలో వేరే పెట్టారు. కొత్త ఫైర్‌ఫాక్స్‌కి ఇది పనికిరాదని దానర్థం” అన్నాను.

ఆయన కాసేపాలోచించి, “అంటే కుండ మార్చేసి రేకు రమ్మంటున్నామన్న మాట” అన్నారు.

పూతరేకు తియ్యటం చూసినవారికి ఈ మాట బోధపడుతుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. ఆ కుండ బజారులో దొరికే మామూలు కుండ కాదు, ఆ పనికోసమే చేయించి నూనె పట్టించి అదును చేసుకున్నది. పిండి అదే, గుడ్డ అదే, చెయ్యి అదే. కుండ అదునులో లేకపోతే రేకు చిరుగుతుంది. పద్మలో తప్పేమీ లేదు. దాని అడుగున వున్న కుండ మారింది.

పాత కంప్యూటరు ఇంకా అటక మీదే వుంది. దింపి పెడితే నడిచింది. అందులో ఎక్స్‌పీ, మూడో తరం ఫైర్‌ఫాక్స్, దానిలో పద్మ. నిదానం పూర్తి కావాలని దానితో కూడా ఒకసారి అప్‌డేట్ అడిగించి చూశాను. వెంటనే భద్రతా హెచ్చరిక వచ్చింది. చూస్తే కంప్యూటరు గడియారం 2002 జనవరిలో వుంది. లోపల బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. గడియారం వెనకబడితే అవతలి సర్టిఫికెట్ ‘ఇంకా పుట్టలేదు’ అని కంప్యూటరు అనుకుంటుంది, కనుక నమ్మదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేశాక ఆ హెచ్చరిక పోయింది గాని అప్‌డేట్ మాత్రం రాలేదు. రెండో అంగ సరిచేశాం. ఇవ్వటానికి కొత్తదేదీ లేదు కనుక మూడో అంగ దాకా పోనే లేదు.

ఇక్కడే అసలు ప్రశ్న మారింది. ‘ప్లగిన్‌ను ఎలా అప్‌డేట్ చెయ్యాలి?’ అన్నది కాదు, ‘ప్లగిన్ లేకపోయినా ఈ వ్యాసాలు బతకాలంటే ఏం చెయ్యాలి?’ అన్నది. పాత కంప్యూటరును నెట్టు నుంచి పూర్తిగా తప్పించాం. ఒక్కొక్క ఫైలూ పాత ఫైర్‌ఫాక్స్‌లో తెరవటం, పద్మ చేత యూనికోడ్‌లోకి మార్పించటం, మారిన పాఠాన్ని మొత్తం కాపీ చేసి యూటీఎఫ్-8 పద్ధతిలో మామూలు టెక్స్టు ఫైలుగా దాచటం. ఒక్కో ఫైలుకు నాలుగైదు నిమిషాలు. పది రోజులు పట్టింది.

ఈ పనిలో తెలిసివచ్చిన సంగతులు రెండు. పేజీని పూర్తిగా దాచిన ఫైళ్లన్నీ చక్కగా మారాయి. చోటు కలిసొస్తుందని ఉత్త టెక్స్టుగా దాచినవి మొండికేశాయి. అందులో ఫాంటు పేరు పోయింది కనుక ఏ పట్టిక వాడాలో పరికరానికి ఆధారం లేదు. ఏ పత్రికదో పెదనాన్నగారికి గుర్తుండబట్టి, ఫాంటు మనమే చెప్పి మార్పించుకున్నాం. రెండవది, యంత్రం మార్చిన పాఠాన్ని మనిషి చదివి తీరాలి. అక్కడక్కడ ఒత్తులు తప్పుగా పడ్డాయి. వారు పైకి చదువుతుంటే నేను దిద్దాను.

5. నిదాన క్రమం

ఇక ఏ బ్రౌజరుకైనా, ఏ ప్లగిన్‌కైనా వర్తించే క్రమం చెబుతాను. ఖర్చు లేని పరీక్షలు ముందు, కష్టమైనవి వెనక.

ఒకటి: తెరమీద వచ్చిన మాటను పూర్తిగా చదవండి. ‘కొత్తది లేదు’, ‘దింపుకోలేకపోయాం’, ‘సరిపడదు’, ‘నిలిపివేశాం’ అనేవి నాలుగు వేర్వేరు జవాబులు. మొదటిది తయారీదారు సంగతి, రెండవది దారి సంగతి, మూడవది వెర్షన్ల సంగతి, నాలుగవది భద్రత సంగతి. మెసేజి చదవకుండా మూసేసేవారికి నిదానం సాధ్యం కాదు.

రెండు: తేదీ, సమయం చూడండి. సంవత్సరం కూడా చూడండి.

మూడు: స్వయంగా అప్‌డేట్ అయ్యే అమరిక ఆ ప్లగిన్‌కు అసలు పెట్టి వుందో లేదో చూడండి. బ్రౌజరు మొత్తానికి ఒక మీట, ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్‌కు వేరే మీట వుండవచ్చు.

నాలుగు: కంప్యూటరు మీదా, లేక సంస్థదా? చాలా కళాశాలల ప్రయోగశాలల్లో కంప్యూటరును ఆపి పెట్టిన ప్రతిసారీ యథాస్థితికి తెచ్చే ఏర్పాటు వుంటుంది. పగలు అప్‌డేట్ అయింది, మర్నాడు లేదు. దీన్ని చూసి ప్లగిన్‌ను తప్పు పట్టకూడదు, ప్రయోగశాల బాధ్యులతో చెప్పి అసలు ప్రతిలోనే మార్పించుకోవాలి. అలాగే పరిమిత అధికారాలున్న ఖాతాలో వుంటే డిస్కులో రాయటానికి అనుమతి వుండదు.

ఐదు: దారి చూడండి. వేరే నెట్టు మీద, ఉదాహరణకు ఫోను ద్వారా, ప్రయత్నించండి. అక్కడ వస్తే అడ్డు మీ నెట్టు కాపలాలో వుంది. ఎక్కడా రాకపోతే, చాలా పాత బ్రౌజర్లు నేటి సర్వర్లతో భద్రంగా మాట్లాడలేవు. పాత రహస్యభాషలను ఇప్పటి సర్వర్లు అంగీకరించటం లేదు.

ఆరు: బ్రౌజరులో కొత్త ప్రొఫైలు ఒకటి తయారుచేసి, అందులో ఆ ప్లగిన్ ఒక్కటే ఎక్కించి చూడండి. అక్కడ పనిచేస్తే పాత ప్రొఫైలులో ఏదో చెడింది. అక్కడా పనిచెయ్యకపోతే చిక్కు ఇంకా లోతున వుంది.

ఏడు: సర్టిఫికెట్ గడువు. ఇందులో వాడేవాడి తప్పేమీ వుండదు. 2019 మే 4 ప్రాంతంలో మొజిల్లావారి సంతకపు సర్టిఫికెట్ ఒకటి గడువు తీరి, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2025 మార్చి 14న మరో మూల సర్టిఫికెట్ గడువు తీరింది. ఆ సందర్భంలో 128వ వెర్షన్‌కైనా, దీర్ఘకాల మద్దతు రకంలో 115.13కైనా మారాలని, లేకుంటే ఎక్స్‌టెన్షన్లు ఆగిపోవచ్చని ముందే ప్రకటించారు. ఇలాంటప్పుడు అప్‌డేట్ చెయ్యవలసింది ప్లగిన్‌ను కాదు, బ్రౌజరును.

ఎనిమిది: పై ఏడూ అయ్యాక, తయారీదారు దాన్ని ఇంకా సాకుతున్నాడా లేదా విచారించండి. సాకటం మానేస్తే అప్‌డేట్ రాదు. ఎదురుచూడటం వృథా.

6. చికిత్స, పథ్యం

తయారీదారు వుండి, దారిలో మాత్రమే అడ్డుంటే, తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచి గాని, బ్రౌజరు అధికారిక దుకాణం నుంచి గాని చేత్తో దింపుకుని ఎక్కించవచ్చు. మరెక్కడి నుంచీ వద్దు. ‘మీ ప్లగిన్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అని పేజీ మధ్యలో ఎగిరే పలకలు దొంగలకు పాత ఎత్తు. ఫ్లాష్ పేరు మీద ఇలా ఎన్నో కంప్యూటర్లలోకి హానికర ప్రోగ్రాములు చొరబడ్డాయి. అడోబీ సంస్థ ఫ్లాష్‌ను 2020 డిసెంబరు 31తో విరమించింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ తనలో తానే బొమ్మలను ఆపేసింది. కనుక ఇవాళ ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోమని ఏ పలక వచ్చినా అది అబద్ధమే. పాత ఫ్లాష్ పాఠాలు చూడవలసి వస్తే రఫుల్ అనే ఉచిత పరికరం వుంది. అది అసలు ఫ్లాష్ లేకుండానే వాటిలో చాలావాటిని నడుపుతుంది.

జావా సంగతి వేరు. టెండర్లు వేసే గుత్తేదార్లూ, కార్యాలయ సిబ్బందీ డిజిటల్ సంతకం కోసం దీన్ని ఏళ్ల తరబడి వాడారు. క్రోమ్ 2015లో ఈ కోవ ప్లగిన్లన్నిటినీ మానేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఫ్లాష్ మినహా తక్కినవి ఆపింది. జావా వారే 2018లో పదకొండో వెర్షన్ నుంచి బ్రౌజరు భాగాన్ని తీసేశారు. అలాంటి పాత వెబ్‌సైటు తప్పనిసరిగా తెరవవలసి వస్తే, ఎడ్జ్ బ్రౌజరులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రీతి అనే సౌకర్యం వుంది. కనీసం 2029 దాకా దాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది తాత్కాలిక వసతి మాత్రమే. సంతకపు పనికి కంప్యూటరులో విడిగా నడిచే ప్రోగ్రాములు వచ్చాయి, వాటికి మారటమే శాశ్వతమైన మందు.

ఇక పథ్యం. సరిపడదని బ్రౌజరు చెబితే ఆ తనిఖీనే ఆపేసుకునే చిట్కాలు కొందరు చెబుతారు. నెట్టుకు తగిలించిన కంప్యూటరులో ఆ పని చెయ్యకండి. లాకు తలుపులు ఊడబెరికి పడవను తోయటం లాంటిది. పాత బ్రౌజరు వాడక తప్పనప్పుడు దాన్ని నెట్టులేని కంప్యూటరులో వుంచండి. ఆ కంప్యూటరులో బ్యాంకు పని, ఈమెయిలు పని పెట్టుకోకండి.

అన్నిటికంటే ముఖ్యమైన పథ్యం ఒకటుంది. మన రాత ఒక పరికరం వుంటేనే కనబడే స్థితిలో వుంటే, ఆ పరికరం బతికివుండగానే రాతను విడిపించాలి. ఫాంటు ఒక్కటీ వున్నా పేజీ చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కాని అందులో ఒక మాట వెతకలేం, మరోచోట వాడుకోలేం, అది తెలుగు అని కంప్యూటరుకే తెలియదు. యూనికోడ్‌లోకి మారితేనే అది నిజంగా తెలుగు పాఠం అవుతుంది.

7. విద్యార్థులకు ఒక మనవి

ఇది ఒక ఇంటి సంగతి కాదు. తెలుగు నాట చాలా కళాశాల సంచికలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలోనే కూర్చారు. పేజ్‌మేకర్ తయారీ ఏనాడో ఆగిపోయింది. ఆ ఫైళ్లు ఏ సీడీలోనో, ఏ ముద్రణశాల అలమరలోనో వున్నాయి. వాటికి పట్టిన రోగం మా పెదనాన్నగారి వ్యాసాలకు పట్టినదే. ఇంకా కొన్నాళ్లకు వాటిని తెరవగల కంప్యూటరు కూడా దొరకదు.

విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరం ఒక చిన్న కార్యక్రమం పెట్టుకోవచ్చని నా సూచన. ముందుగా పాత సంచికల ఫైళ్లు ఎవరెవరి దగ్గర వున్నాయో పూర్వ విద్యార్థులను అడిగి ఒక జాబితా రాయండి. ప్రతి ఫైలుకూ ఎదురుగా దాన్ని ఏ ఫాంటులో కూర్చారో రాయండి. మా ఇంట్లో పని ఆగిందీ, సాగిందీ ఆ ఒక్క వివరం మీదే. ఆ ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే పరికరం దొరికితే వెంటనే మార్చి, తెలుగు శాఖ విద్యార్థుల చేత ఒకసారి చదివించి దిద్దించండి. దొరకకపోతే ముద్రిత ప్రతినైనా స్కాన్ చేసి వుంచండి. మార్చిన పాఠాన్ని మామూలు టెక్స్టు ఫైలుగా, రెండు వేర్వేరు చోట్ల దాచండి. అసలు ఫైలును మాత్రం పారెయ్యకండి, తప్పు దొర్లితే పోల్చి చూసుకోవటానికి అదే ఆధారం.

కంప్యూటరు శాఖవారు పట్టికలు తయారుచేస్తే, తెలుగు శాఖవారు ఒత్తులు సరిచూస్తే, పూర్వ విద్యార్థులు తమ పెట్టెలు వెతికితే ఈ పని ఒక సంవత్సరంలో పూర్తవుతుంది. సీడీలు వున్నవారు వచ్చే సెలవుల్లోనే బయటికి తీసి, అవి ఇంకా తెరుచుకుంటున్నాయో లేదో చూడవలసిందిగా కోరుతున్నాను.